ప్రయాణ సందేహాలు: ప్రాగ్‌లో గడియారం, కోట, కోరునాలు

ప్రశ్న: చెక్ రాజధాని ప్రాగ్ పాతబస్తీలో ఖగోళ గడియారం దగ్గర గంటగంటకీ జనం గుమిగూడతారట, బొమ్మల ఆట నిమిషంలో ముగుస్తుందట. దానికోసం వెళ్లడం దండగా?

జవాబు: బొమ్మల కోసమైతే దండగే. ఉదయం 9 నుంచి రాత్రి 11 దాకా ప్రతి గంటకీ అస్థిపంజరం తాడు లాగుతుంది, రెండు కిటికీలు తెరుచుకుని అపొస్తలుల (యేసు శిష్యుల) బొమ్మలు వరసగా సాగిపోతాయి, చివర్లో కోడి కూస్తుంది. అంతే. ఫోన్లు పైకెత్తి నిలబడినవాళ్ల జేబులు ఖాళీ అయ్యేదీ ఆ నిమిషంలోనే. అసలు సరుకు 1410 నాటి పై డయలు. గంట కొట్టిన పది నిమిషాలకు వెళ్లండి, జనం పల్చబడతారు.

ముందుగా, కొసన బంగారు హస్తం ఉన్న ముల్లు ఎక్కడుందో చూడండి. అది 24 గంటలకు ఒక్క చుట్టే తిరుగుతుంది. పైన మధ్యాహ్నం 12, కింద అర్ధరాత్రి 12. అంటే సాయంత్రం 6కి ముల్లు కుడివైపు అడ్డంగా ఉంటుంది. చేతి గడియారం అలవాటుతో చూసేవాళ్లు తప్పేది ఇక్కడే. రోమన్ అంకెలు మామూలు టైము. వాటి బయట నల్లని వలయం మీద గోతిక్ (పాతకాలపు యూరప్ లిపి) అంకెలు 1 నుంచి 24 దాకా ఉంటాయి. అది పాత చెక్ కాలం, సూర్యాస్తమయం నుంచి లెక్క. పొద్దుగుంకే వేళ రోజూ మారుతుంది కనక ఆ వలయమూ అటూ ఇటూ జరుగుతుంటుంది. హస్తం దానిమీద 20 చూపితే పొద్దుగుంకడానికి ఇంకా 4 గంటలుందని.

అదే ముల్లు మీది సూర్యుడు నీలం భాగంలో ఉంటే పగలు, నారింజలో సంధ్య, నలుపులో రాత్రి. సగం వెండి, సగం నలుపుగా ఉన్న బంతి చంద్రుడు. తన చుట్టూ తాను తిరుగుతూ చంద్రకళలు చూపిస్తుంది. కింది క్యాలెండర్ చక్రం బొమ్మలు అందమైనవే, కానీ అక్కడున్నది నకలు.

ప్రశ్న: అమ్మకు మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కకుండా ప్రాగ్ కోటకు వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లొచ్చు. మలోస్త్రన్‌స్కా మెట్రో దగ్గర దిగి నడిస్తే ఎత్తూ మెట్లూ తప్పవు. 22 నంబరు ట్రామ్‌లో ప్రష్‌స్కీ హ్రద్ (ప్రాగ్ కోట) స్టాపు దాకా వెళ్లండి. అక్కణ్నుంచి వంతెన దాటి కోట రెండో ఆవరణలోకి దారి దాదాపు చదును. కాగితం టికెట్ అయితే ఎక్కగానే మిషన్‌లో ముద్ర వేయించాలి. ముద్ర లేని టికెట్ చేతిలో ఉన్నా జరిమానాయే. 24 గంటల టికెట్‌కి మొదటిసారి ఒక్కసారే వేయాలి.

లోపల నేలంతా రాళ్ల పరుపు, చక్రాల కుర్చీకి కుదుపు ఎక్కువ. కోటలోని పెద్ద చర్చి సెయింట్ వైటస్ కెథడ్రల్ (1344లో మొదలై 1929లో పూర్తయింది) ఆదివారం ఉదయం ప్రార్థనల కోసం సందర్శకులకు మూసి ఉంటుంది, మధ్యాహ్నం వెళ్లండి. దాని గోపురం 287 మెట్లు, లిఫ్టు లేదు, టికెట్ వేరే. అమ్మగారికి అది వద్దు. దిగేటప్పుడు "కిందికేగా" అని పాత కోట మెట్ల దారి పట్టకండి, మోకాళ్లకు ఎక్కడంకంటే దిగడమే కష్టం. వచ్చిన ట్రామ్‌లోనే తిరిగి రండి.

ప్రశ్న: యూరోలు తీసుకెళ్తే చాలా?

జవాబు: చెక్ డబ్బు కోరునా. కొన్ని దుకాణాలు యూరోలు తీసుకుంటాయి గానీ మారకం రేటు వాళ్లు చెప్పిందే. మారకం కౌంటర్లో "కమిషన్ సున్నా" అన్న బోర్డు చూసి నోటు ఇచ్చేయకండి, నష్టం రేటులో దాగి ఉంటుంది. "100 యూరోలకు చేతికి ఎన్ని కోరునాలు?" అని ముందే అడగండి. పొరపాటు జరిగినా, 2019 నుంచి చట్టం ఒక దారి ఇచ్చింది: 1000 యూరోల లోపు మారకాన్ని 3 గంటల్లోగా అదే కౌంటర్లో రద్దు చేయించుకోవచ్చు. రసీదు పారేయకండి. ఏటీఎం "మీ కరెన్సీలోకి మార్చమంటారా" అంటే వద్దని నొక్కండి, ఆ రేటు దాదాపు ఎప్పుడూ మీ బ్యాంకు రేటుకంటే దారుణం.