రోజుకో పేజీ చొప్పున తాల్ముద్ అంతా చదవడం నిజంగా కుదిరే పనేనా? మధ్యలో తప్పిపోతే ఏం చేస్తారు?

మీరు అడిగింది యూదుల 'దఫ్ యోమీ' గురించి, అంటే వాళ్ల ధర్మ చర్చల మహాగ్రంథమైన తాల్ముద్‌ను రోజుకో ఆకు చొప్పున చదివే పద్ధతి. కుదురుతుంది. కళ్లారా చూశాను కాబట్టే చెబుతున్నాను.

2018 నుంచి మూడేళ్లు బ్రూక్లిన్‌లో ఒక యూదు పెద్దాయన ఇంట్లో పై వాటాలో అద్దెకున్నాను. పని రోజుల్లో తెల్లవారుజామున అయిదుంపావుకల్లా కింద తలుపు చప్పుడయ్యేది. వీధి చివర సినగాగ్‌కి, అంటే యూదుల ప్రార్థనా మందిరానికి, బయల్దేరేవారు. ప్రార్థనకి కాబోలు అనుకునేవాణ్ణి. ప్రార్థన తర్వాతేనట, ముందు ముప్పావుగంట పాఠం.

దఫ్ అంటే రెండు పక్కలూ కలిపి ఒక ఆకు. అలాంటివి మొత్తం 2,711. రోజుకొకటి చదివితే ఏడున్నరేళ్లు పడుతుంది, అదే ఒక ఆవృత్తి. 1923లో వియన్నాలో జరిగిన ఒక మహాసభలో రబ్బీ (యూదు మతగురువు) మేయిర్ షాపిరో ఈ పద్ధతిని ప్రతిపాదించారు. ఆ రోజుల్లో తాల్ముద్‌లో కొన్ని భాగాలనే అందరూ చదివేవారు, మిగతావి మూలన పడి ఉండేవి. అందరూ ఒకే రోజు ఒకే ఆకు చదివితే, ఓడెక్కి అమెరికా వెళ్లినవాడు కూడా దిగిన ఊళ్లో సినగాగ్‌కి వెళ్లి, పొద్దున తను చదివిన ఆకు దగ్గరే కూర్చోవచ్చు అన్నది ఆయన ఆలోచన. ఆయన 46 ఏళ్లకే పోయారు. ఆ చదువు మాత్రం ఆగలేదు.

2020 జనవరి 1న న్యూజెర్సీలోని మెట్‌లైఫ్ స్టేడియంలో 13వ ఆవృత్తి ముగింపు వేడుక జరిగింది. వణికించే చలిలో దాదాపు 90 వేల మంది వచ్చారు. అదే నెలలో జెరూసలేంలో వేల మంది మహిళలు తమ ముగింపు వేడుక చేసుకున్నారు. ఒకప్పుడు ఈ చదువు మగవాళ్లదే అనుకునేవారు కాబట్టి నాకైతే అది ఇంకా పెద్ద సంగతి.

జనవరి 5 ఆదివారం, కొత్త ఆవృత్తికి మొదటి రోజు. "ఇవాళ అందరూ కొత్తవాళ్లే, రండి" అని పెద్దాయన నన్నూ వెంటబెట్టుకెళ్లారు. పొడవాటి బల్ల చుట్టూ పదిహేను మంది దాకా ఉన్నారు. నా ముందు పెట్టిన పుస్తకంలో నడిమధ్య హీబ్రూ, అరమాయిక్ కలిసిన మూలం, లోపలి పక్కన 11వ శతాబ్దపు ఫ్రెంచి పండితుడు రాషీ వ్యాఖ్య, బయటి పక్కన ఆయన తర్వాతి తరాల పండితుల వాదనలు. మూలంలో ఎక్కడా కామా లేదు, ఫుల్‌స్టాప్ లేదు. వాక్యం ఎక్కడ ఆగుతుందో చదివేవాళ్లే తేల్చుకోవాలి.

ఇంత పెద్ద గ్రంథం మొదలయ్యేది ఒక ప్రశ్నతో: సాయంత్రం చెప్పుకోవలసిన షెమాను (దేవుడొక్కడే అని చాటే యూదుల ప్రార్థన) ఏ వేళ నుంచి చెప్పుకోవచ్చు? ఎప్పటిలోగా చెప్పాలన్న దాని మీద మూడు అభిప్రాయాలు. వాటి వెనకాలే ఒక ఇంటి కథ. ఆనాటి పెద్ద మతగురువు రబ్బాన్ గమాలియేల్ కొడుకులు విందు నుంచి బాగా పొద్దుపోయి ఇంటికొచ్చి, షెమా చెప్పుకోలేదని తండ్రితో అంటారు. ఇంకా తెల్లారలేదు కదా, చెప్పుకోండి అంటాడాయన. ఆ వెంటనే ఇంకో ప్రశ్న: పొద్దుటి సంగతి వదిలేసి సాయంత్రంతో ఎందుకు మొదలుపెట్టారు? బల్ల చివర కూర్చున్న కుర్రాడు గురువు చెప్పిన సమాధానానికి అడ్డుపడ్డాడు. గురువు కోప్పడలేదు, వేలితో రాషీ వాక్యం వెతికి అతని వైపు తిప్పారు. పారాయణ అంటే గబగబా చదువుకుపోవడమే అనుకుని వెళ్లిన నేను అక్కడ అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఇక మీ రెండో ప్రశ్న. తప్పిపోతే పాఠం మీకోసం ఆగదు, మీరే వచ్చి ఆ రోజు ఆకు దగ్గర కూర్చోవాలి. పోయినవి వీలున్నప్పుడు చదువుకోవచ్చు. నడుస్తున్న ఆవృత్తి 2027 జూన్‌లో ముగుస్తుంది. దానికోసం కాచుకు కూర్చోనక్కర్లేదు, ఈ రోజు ఆకుతోనే మొదలుపెట్టొచ్చు. సెఫారియా సైట్‌లో ఇంగ్లిష్ అనువాదం ఉచితంగానే దొరుకుతుంది.

ఫిబ్రవరిలో పెద్దాయన భార్య పోయారు. ఏడు రోజుల సంతాపంలో ఆయన పొట్టి స్టూలు మీద కూర్చుని ఉండేవారు, అద్దాల మీద గుడ్డలు కప్పారు. పలకరించడానికి కిందికి వెళ్లినప్పుడు అల్మరాలో ఆ పుస్తకం మూసి ఉంది. చదువుకుంటే మనసు కాస్త కుదుటపడుతుందేమో కదండీ అన్నాను. "అందుకే చదవకూడదు" అన్నారు. చదువు సంతోషాన్నిస్తుందట, కాబట్టి ఆ ఏడు రోజులూ చదవకూడదట. యోబు గ్రంథం, విలాపవాక్యాలు, సంతాప నియమాల వంటివి మాత్రం చదవొచ్చట. చదువును సంతోషాల లెక్కలో వేసి, దుఃఖంలో ఉన్నవాడికి దాన్ని కాసేపు దూరం పెట్టడం నేను అంతకుముందు ఎక్కడా వినలేదు.

ఎనిమిదో రోజు పొద్దున అయిదుంపావుకి మళ్లీ తలుపు చప్పుడైంది. ఆ వారంలో పోయిన ఆకుల సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం, పాఠంలో ఆయన పక్కన కూర్చునే వ్యక్తి తన పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చాడు. మర్నాడూ వచ్చాడు, ఆ తర్వాతా వచ్చాడు. వంటగది బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునేవారు. మూడో రోజో నాలుగో రోజో, పెద్దాయన గొంతు పెంచి "కాదు, రాషీ అలా అనలేదు" అని వాదిస్తుంటే పై వాటాలోకి వినిపించింది.