ఆ అలారం పీకే ముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

వీధిలో బరాత్ వచ్చినా నీ బండే అరుస్తుందట, నిమజ్జనం డప్పులకూ నీ బండే అరుస్తుందట. నిన్న ఫోన్‌లో మీ అమ్మ సగం నవ్వుతూ సగం విసుక్కుంటూ చెప్పింది. ఆ దొంగల అలారం నువ్వు పెట్టించింది కూడా కాదు, సెకండ్ హ్యాండ్ పల్సర్‌తో పాటు వచ్చింది. తీసేద్దాం అనుకోవడం మంచిదే, కానీ కటింగ్ ప్లేయర్ పట్టుకునే ముందు నా కథ విను.

చాలా ఏళ్ల కింద రాంనగర్‌లో ఉన్నప్పుడు ఒక రాత్రి రెండింటికి నా బండి అలారం మొదలైంది, ఎంతకీ ఆగదు, పై అంతస్తు ఆయన బాల్కనీలోంచి ఒకటే కేకలు. ఆ టెన్షన్‌లో సీటు లేపి, అలారం డబ్బాకున్న వైర్లన్నీ ఒక్క దెబ్బకి కట్ చేసి వెళ్లి పడుకున్నా. హాయిగా నిద్ర పట్టింది. పొద్దున బండి స్టార్ట్ కాలేదు. కిక్ కొట్టి కొట్టి కాలు లాగేసింది, చివరికి ముషీరాబాద్ దాకా తోసుకుంటూ పోయా. మెకానిక్ రెండు గంటలు వెతికాడు, ఏ కొస ఎక్కడిదో ఆనవాలు లేకుండా చేశావని నన్ను తిట్టి మరీ బాగు చేశాడు. తిట్టాల్సిందే.

సంగతేంటంటే, ఈ అలారాలను బండికి ఊరికే తగిలించి వదిలేయరు. దొంగ స్టార్ట్ చేయకుండా ఆపాలి కదా, అందుకని చాలావాటిలో ఇగ్నిషన్ నుంచి వచ్చే వైరును మధ్యలో కట్ చేసి ఆ రెండు కొసలనూ ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్ గుండా తిప్పుతారు. అలారం తీసేసి ఆ రెండు కొసలు మళ్లీ కలపకపోతే స్పార్క్ రాదు. నాకు జరిగింది అదే. కొన్నిటిలో కట్ చేయరు, కిల్ స్విచ్ (ఇంజిన్ ఆపే స్విచ్) వైరుకు ఇంకో వైరు జోడించి దాన్ని ఎర్త్ చేసి, అంటే ఫ్రేమ్‌కి కలిపి ఇంజిన్ ఆపుతారు. వాటితో పెద్ద గొడవ లేదు. నీది ఏ రకమో ముందు తేల్చుకో.

రిమోట్‌తో అలారం ఆఫ్ చేసి, డబ్బాకున్న కప్లర్ (వైర్లన్నీ కలిసి గుచ్చుకునే ప్లగ్గు) పీకి, బండి స్టార్ట్ చేసి చూడు. స్టార్ట్ కాకపోతే కట్ చేసిన వైరు ఉన్నట్టే. స్టార్ట్ అయినా సంబరపడకు, రిలే విడిగా బయట ఉంటే అలా కూడా అవుతుంది, కాబట్టి వైర్ల వెంటే వేలు పెట్టుకుంటూ బండి అసలు వైరింగ్ దాకా వెళ్లు. ఒకే రంగు వైరు రెండు ముక్కలై, రెండు కొసలకూ అలారం వైర్లు అతికి ఉన్న చోటే నీకు కావాల్సింది. అలారం వైర్ల రంగులు నమ్మకు, పెట్టినవాడు చేతికి దొరికిన వైరు వాడి ఉంటాడు. ఏదీ కట్ చేయకముందే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకో.

తర్వాత బ్యాటరీ విప్పు, ముందు మైనస్ తర్వాత ప్లస్. ప్లస్ ముందు విప్పితే పానా ఫ్రేమ్‌కి తగిలి నిప్పులు రాలతాయి. బిగించేటప్పుడు తిరగేసి, ప్లస్ ముందు, మైనస్ చివర.

ఇండికేటర్ల దగ్గర అసలు వైరుకి గాటు పెట్టి అలారం వైరు చుట్టేసి ఉంటారు. అలారం వైరు తీసేసి, గాటు పడ్డ చోట సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) వేయి. రిమోట్‌తో స్టార్ట్ అయ్యే రకమైతే సెల్ఫ్ వైపు కూడా ఒకటి ఉంటుంది, దాన్ని సగంలో కోసి వేలాడదీయకు, కరెంటున్న దేనికైనా తగిలితే సెల్ఫ్ దానంతట అదే తిరుగుతుంది. బ్యాటరీకి వెళ్లే ఎర్ర వైరు కూడా టెర్మినల్ నుంచే పూర్తిగా తీసేయ్. అన్నిటికన్నా ముఖ్యం ఇగ్నిషన్ కొసలు, అవి ఉత్తినే మెలిపెట్టి టేప్ చుట్టొద్దు. మన ఏప్రిల్ ఎండకు టేప్ జిగురు కారి ఊడుతుంది, జూన్ వానకు నీళ్లు పోతాయి, జూలైలో నువ్వు బండి తోసుకుంటూ నాకు ఫోన్ చేస్తావు. స్లీవ్‌లు, సోల్డరింగ్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి.

వారం రోజులు పక్కన పెడితే సెల్ఫ్ తీసుకోవట్లేదన్నావు, అది కూడా అలారం పనే కావచ్చు. ఇరవై మిల్లీ ఆంపియర్లు తాగినా రోజుకు దాదాపు అర ఆంపియర్ అవర్ పోయినట్టు, 9 ఆంపియర్ అవర్ బ్యాటరీ మూడు వారాలు కూడా నిలవదు, పాతదైతే ఇంకా తొందరగా పోతుంది. పని అయ్యాక ఇగ్నిషన్ ఆఫ్‌లో పెట్టి, బ్యాటరీ మైనస్ దగ్గర మల్టీమీటర్‌ను సిరీస్‌లో, అంటే విప్పిన వైరుకూ టెర్మినల్‌కూ మధ్యలో, ముందు పది ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టి చూడు. మీటర్ అలా ఉండగా సెల్ఫ్ కొట్టకు, దాని ఫ్యూజో మీటరో పోతుంది. ఇంకా ఇరవై ముప్పై మిల్లీ ఆంపియర్లు కనిపిస్తే ఏదో వైరు మిగిలిందని అర్థం.

దొంగల భయమా? డిస్క్ లాక్ ఒకటి కొనుక్కో, చాలు.

మీటర్ మా ఇంట్లో ఉంది, ఆదివారం పొద్దున వచ్చి తీసుకుపో. అందులో తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోయింది, కొత్తది నువ్వే తెచ్చుకో.

మీ మామయ్య