నచ్చిన నవల గురించి రాసేటప్పుడు: తమ్ముడికి ఉత్తరం

తమ్ముడూ,

జపాన్ రచయిత్రి యోకో ఒగావా నవల ‘ది హౌస్‌కీపర్ అండ్ ది ప్రొఫెసర్’ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మూడు పేజీలు కథే చెప్పి, చివర్లో "మనసును కదిలించింది" అన్నావు. ఏ చోట కదిలించిందో చెప్పలేదు. చదివేవాళ్లకు కావలసింది అదే.

కథకు నాలుగు వాక్యాలు చాలు. 1975లో జరిగిన ప్రమాదం తర్వాత ఆ లెక్కల ప్రొఫెసర్‌కి కొత్త సంగతి ఏదైనా 80 నిమిషాలే గుర్తుంటుంది. మర్చిపోకూడనివి చీటీల మీద రాసి కోటుకు గుచ్చుకుంటాడు. వంటకీ ఇంటిపనికీ వచ్చే ఆవిడ, ఆవిడ పదేళ్ల కొడుకు ఆయనకు రోజూ కొత్తవాళ్లే. ముగింపు మాత్రం బయటపెట్టకు.

మిగతా చోటంతా ఒక్క సన్నివేశానికి ఇవ్వు. ఆవిడ పుట్టినరోజు ఫిబ్రవరి 20, అంటే 220. ఆయనకు బహుమతిగా వచ్చిన చేతిగడియారం మీద 284 అని చెక్కి ఉంటుంది. "స్నేహ సంఖ్యలతో అనుబంధాన్ని చూపారు" అని నువ్వు దాటేశావు. అలా కాదు, లెక్క వేసి చూపించు. 220కి, దాన్ని వదిలేస్తే, కారణాంకాలు 1, 2, 4, 5, 10, 11, 20, 22, 44, 55, 110. కూడితే 284. 284కి 1, 2, 4, 71, 142. కూడితే 220! చదువు మధ్యలో ఆగిపోయిన ఆవిడ, అంత పెద్ద పండితుడు ఆ కూడిక దగ్గర సమానమైపోతారు. నీ పాఠకుడు కూడా పెన్సిలు పట్టుకుంటే వాళ్ల పక్కన కూర్చున్నట్టే. ఈ నవలను అంతమంది ప్రేమించింది ఇందుకేనని నా నమ్మకం.

అయితే చెప్పుల సైజు, ఫోన్ నంబరు అంటూ పుస్తకంలోని అంకెలన్నీ ఏరి పెట్టకు, క్విజ్‌లా తయారవుతుంది. ఇంకొక్కటి చాలు: బేస్‌బాల్ ఆటగాడు ఎనాత్సు చొక్కా మీది 28. 1, 2, 4, 7, 14 కూడితే మళ్లీ 28, పరిపూర్ణ సంఖ్య. కథ నడిచేది 1992లో. ఎనాత్సు హాన్షిన్ టైగర్స్‌ను వదిలి అప్పటికి పదిహేనేళ్లు దాటింది. ప్రొఫెసర్ లోకంలో మాత్రం ఇంకా ఆ జట్టుకే బంతి విసురుతున్నాడు. ఆయన మతిమరుపు గురించి నువ్వు రాసిన పేరా మొత్తం తీసేసి ఇది పెట్టు.

"జపనీయుల మౌనం" లాంటి మాటలు కొట్టెయ్. ఇంకో జపాన్ రచయిత మురకామితో పోలికా అక్కర్లేదు. నువ్వు చదివింది స్టీఫెన్ స్నైడర్ ఇంగ్లిష్ అనువాదం కాబట్టి ఆయన పేరు తప్పకుండా వెయ్యి.

2004లో ఈ నవలకు మొట్టమొదటి హోన్యా తైషో వచ్చింది. పుస్తకాల షాపుల్లో పనిచేసేవాళ్లు ఓట్లేసి ఇచ్చే బహుమతి అది. షాపుకొచ్చిన మనిషికి రెండు ముక్కల్లో చెప్పి పుస్తకం చేతిలో పెట్టగలవాళ్లు వాళ్లు. నీ మొదటి పేరా అలా ఉందో లేదో పైకి చదివి చూసుకో. మార్చాక మళ్లీ పంపు.

మీ అన్నయ్య