ఛాతీ ఎముక వెనక గడ్డ: బయాప్సీ లేకుండానే ఆపరేషన్ అంటే ఒప్పుకోవచ్చా?

మీ అన్నయ్యకు 38 ఏళ్లు. దగ్గు తగ్గక తీయించిన ఎక్స్‌రేలో గుండె పక్కన నీడ కనిపించింది. సీటీ స్కాన్‌లో ఛాతీ ఎముక వెనక 5 సెంటీమీటర్ల గడ్డ అని తేలింది. ముక్క తీసి పరీక్షించకుండానే ఆపరేషన్ అంటున్నారు, ఇది సరైనదేనా అని అడిగారు. నేను డాక్టరును కాను. మూడేళ్ల కిందట మా అమ్మకు సరిగ్గా అదే చోట గడ్డ వచ్చింది, మేమూ ఇదే మాట దగ్గర ఆగిపోయాం. అందుకే రాస్తున్నాను.

సరైనదే కావచ్చు. అది ఏ గడ్డ అని వాళ్లు అనుకుంటున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ చోట ఎక్కువగా కనిపించేవి నాలుగు: ఛాతీ ఎముక వెనకే ఉండే థైమస్ గ్రంథిలో పుట్టే థైమోమా, లింఫు కణాల క్యాన్సర్ అయిన లింఫోమా, అండాలు, వీర్యకణాలుగా మారాల్సిన మూల కణాల నుంచి పుట్టే టెరటోమా వంటి జెర్మ్ సెల్ గడ్డలు, మెడ నుంచి కిందికి దిగిన థైరాయిడ్. లింఫోమా అయితే ఆపరేషన్‌తో పని లేదు, మందులతో, కొన్నిసార్లు రేడియేషన్‌తో కరిగిస్తారు. కానీ అది ఏ రకమో తెలియాలంటే ముక్క తీసి చూడక తప్పదు. థైమోమాలా కనిపిస్తూ, అంచులు నున్నగా ఉండి, పక్కనున్న రక్తనాళాలను పట్టుకోకపోతే మాత్రం సూది గుచ్చకుండా గడ్డ చుట్టూ ఉండే పొరతో సహా మొత్తం తీసేయడానికే మొగ్గు చూపుతారు. పొర చిరిగితే కణాలు ఊపిరితిత్తి చుట్టూ ఉండే పొర మీద పడతాయన్న భయం అందులో ఒక కారణం.

కాబట్టి సర్జన్‌ను సూటిగా అడగండి: మీరు దీన్ని ఏమనుకుంటున్నారు, లింఫోమా కాదని ఎలా అనుకుంటున్నారు? రాత్రిపూట చెమటలు, జ్వరం, బరువు తగ్గడం ఉంటే దాచకుండా చెప్పండి. ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు చేశారా అనీ అడగండి. మీ అన్నయ్య వయసు మగవాళ్లలో ఇవి వదలకూడని పరీక్షలు. మొదటి రెండింటిలో ఏది బాగా పెరిగి ఉన్నా అది జెర్మ్ సెల్ గడ్డ కావచ్చు, అప్పుడు దారే మారిపోతుంది, ముందు కీమోథెరపీ ఇస్తారు.

ఇక మా అమ్మ సంగతి. సాయంత్రమయ్యేసరికి ఎడమ కనురెప్ప వాలిపోయేది, పొద్దున లేచేసరికి మామూలుగా ఉండేది. కళ్లద్దాలు మార్చాం. అన్నం సగం తినేసరికి దవడ అలసిపోయి, చేత్తో గడ్డం పట్టుకుని నమిలేది. పళ్ల వల్ల అనుకున్నాం. ఆ పొరపాట్లలోనే ఎనిమిది నెలలు పోయాయి. చివరికి ఒక న్యూరాలజిస్టు రబ్బరు చేతి తొడుగులో మంచు ముక్కలు వేసి, మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఉంచారు. తీయగానే అమ్మ కన్ను పూర్తిగా తెరుచుకుంది. నెలల తర్వాత ఆ రెండు కళ్లూ సమానంగా చూడడం నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. జబ్బు పేరు మయస్థీనియా గ్రావిస్, నరాల సంకేతాలు కండరాలకు సరిగా అందక అవి త్వరగా అలసిపోయే జబ్బు. ఆ తర్వాతే ఛాతీకి సీటీ తీశారు, గడ్డ బయటపడింది.

మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. థైమోమా ఉన్నవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మయస్థీనియా ఉంటుంది. కొందరిలో పైకి తెలియదు. తెలియకుండా మత్తు ఇస్తే, ఆపరేషన్ తర్వాత శ్వాస కండరాలు చాలక వెంటిలేటర్ మీద ఉండిపోవాల్సి రావచ్చు. లక్షణాలు లేకపోయినా ఈ జబ్బును పట్టిచ్చే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీ రక్తపరీక్ష ముందే చేయించమని అడగండి.

అమ్మకు ముందు కండరాలకు బలం వచ్చేలా పిరిడోస్టిగ్మిన్ మాత్రలు మొదలుపెట్టారు. శ్వాస కండరాల బలం తెలిసేందుకు, ఒకే ఊపిరిలో ఒకటి నుంచి ఎంతవరకు లెక్కపెట్టగలదో రోజూ చూడమన్నారు. అమ్మ 18 దగ్గర ఆగేది. ఆ మధ్యలో జ్వరం వస్తే మా ఊరి క్లినిక్‌లో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. మర్నాటికి నీళ్లు మింగితే ముక్కులోంచి వచ్చాయి, లెక్క 11కు పడిపోయింది. ఈ జబ్బులో కొన్ని యాంటీబయాటిక్‌లు కండరాల నీరసాన్ని పెంచుతాయని ఆ రోజే తెలిసింది. అప్పటి నుంచి వాడకూడని మందుల చీటీ అమ్మ పర్సులోనే ఉంటుంది. ఐదు రోజులు ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) నరంలోకి ఎక్కించాక లెక్క 26కు చేరింది, అప్పుడే ఆపరేషన్‌కు తీసుకెళ్లారు.

చిన్న గడ్డలను పక్కటెముకల మధ్య రంధ్రాలు చేసి కెమెరాతో, లేదా రోబోతో తీస్తున్నారు. అమ్మది పెద్ద సిరకు ఆనుకుని ఉండడంతో ఛాతీ ఎముక తెరిచే తీశారు. దగ్గు వచ్చినప్పుడల్లా చిన్న దిండును గుండెకు అదుముకునేది. రెండు నెలలు బిందె ఎత్తనివ్వలేదు. రిపోర్టులో బి2 రకం థైమోమా, తీసిన ముక్క అంచుల్లో గడ్డ కణాలు లేవని వచ్చింది. రేడియేషన్ అవసరం పడలేదు. ఈ గడ్డ చాలా ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు కాబట్టి ఏటా సీటీ తప్పదు. మయస్థీనియా కూడా గడ్డతో పాటే పోలేదు, మాత్రలు తగ్గాయి, అంతే.

రేపు అపాయింట్‌మెంట్ అన్నారు కదా, ఈ రాత్రే మీ అన్నయ్యను తల కదపకుండా రెండు నిమిషాలు పైకప్పు వైపు చూడమనండి. రెప్పలు వాలినా, ఒకటి రెండుగా కనిపించినా డాక్టరుకు చెప్పండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుందా అన్నదీ అడిగి తెలుసుకోండి. వస్తే ఆ మాట సర్జన్‌కే కాదు, మత్తు ఇచ్చే డాక్టరుకు కూడా ముందే తెలియాలి.