బీఎస్సీ కెమిస్ట్రీలో చేరిన మా అల్లుడికి

ఒరే అల్లుడూ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి అరగంట వాయించింది. ఇంజినీరింగ్ సీటొచ్చినా వద్దని కెమిస్ట్రీ డిగ్రీలో చేరాడు, కందుకూరులో చుట్టాలంతా "అయ్యో, డిగ్రీనా" అంటా ఉండారు అని. అననీలే. నేనూ అదే చదివి, పదకొండేళ్ళు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ చేసి, ఇప్పుడు కావలిలో రొయ్యల గుంటల నీళ్ళు టెస్ట్ చేసే ల్యాబ్ పెట్టుకోని బతకతా ఉండా గదా, నన్నేం కాకులు ఎత్తకపోలేదు. వాయిస్ మెసేజ్ పెడితే నువ్వు డబుల్ స్పీడ్‌లో వినేసి ఓకే మామా అంటావని కూర్చోని టైపు చేస్తా ఉండా, ఓపిగ్గా చదువు.

థియరీకి నోట్సు యాడైనా దొరుకుద్ది. సీనియర్ దగ్గర, యూట్యూబ్‌లో, బస్టాండ్ పక్కన జిరాక్స్ షాపులో కూడా. ల్యాబ్ మాత్రం వారానికి ఆ రెండు మూడు గంటలే, అది పోతే మళ్ళా రాదు. మన కాలేజీల్లో జరిగేదేందంటే ఒక బ్యాచ్‌లో ఆరుగురుంటే ఇద్దరు చేస్తారు, నలుగురు రికార్డు రాసుకుంటా నిలబడతారు. నువ్వు ఆ ఇద్దరిలో ఉండాల. బ్యూరెట్, అదే చుక్క చుక్కగా ద్రవం వొదిలే గీతల గొట్టం, దాని దగ్గర చోటు కోసం బస్సులో సీటుకి కర్చీఫ్ వేసినట్టు వేసెయ్, ఏం సిగ్గుపడాకు.

పర్మాంగనేట్ టైట్రేషన్ ఉంటది గదా, ఆక్సాలిక్ ఆసిడ్‌తో, అంటే బ్యూరెట్ నుంచి ఎంత పర్మాంగనేట్ పోస్తే గులాబీ రంగు పోకుండా నిలబడుద్దో చూసి సొల్యూషన్ బలం లెక్క కట్టడం. అందరూ చేసేదే, సరిగ్గా చేసేవాళ్ళు తక్కువ. బ్యూరెట్‌ని ముందు నీళ్ళతో కడిగి, తర్వాత అందులో పోసే పర్మాంగనేట్‌తోనే కాస్త కడగాల. పిప్పెట్‌ని, అదే కొలిచి పీల్చి తీసే గొట్టాన్ని కూడా అంతే, దాంతో తీసే సొల్యూషన్‌తోనే. కానీ రియాక్షన్ జరిగే కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తోనే కడగాల, ఎందుకో నువ్వే ఆలోచించు, వైవాలో అడుగుతారు. పిప్పెట్ చివర్న ఒక చుక్క ఆగిపోతే ఉఫ్ అని ఊదబాక, ఆ చుక్కని లెక్కలో తీసేసే దానిమీద గీత గీసుంటారు. సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపి ఆవిర్లొచ్చేదాకా, అంటే 60 నుంచి 70 డిగ్రీల దాకా వేడి చేసి మొదలుపెట్టు. మొదటి చుక్క పడంగానే రంగు పోదు, అట్నే గులాబీగా నిలబడుద్ది, పిల్లోళ్ళు ఆడే కంగారుపడి అయిపోయిందనుకోని రీడింగ్ రాసేస్తారు. కాస్త ఆగితే పోతది. రియాక్షన్‌లో పుట్టే మాంగనీస్ అయానే ఆ రియాక్షన్‌ని తోస్తది, అందుకే రెండో చుక్క నుంచి టకటకా పోతా ఉంటది. పుస్తకంలో ఆటో కెటాలిసిస్ అని రెండు లైన్లు ఉంటది చూడు, అది కళ్ళతో చూడాల్సింది ఇక్కడే. రంగు చిక్కగా ఉంటది కాబట్టి బ్యూరెట్‌లో ద్రవం మట్టాన్ని మామూలుగా చూసినట్టు కింద వంపు దగ్గర కాదు, పై అంచు దగ్గర చదవాల. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ పోసినావా, పర్మాంగనేట్ ఆ క్లోరైడ్‌ని కూడా తినేస్తది, నీ లెక్క మొత్తం గంగలో కలుస్తది.

ఇప్పుడు నేను చేసిన ఎదవ పని చెప్తా, మీ అమ్మకి చెప్పబాక. సెకండియర్ ప్రాక్టికల్ పరీక్షలో ఇదే ప్రయోగం పడింది. పక్క టేబుల్ వాడు 19.6 అన్నాడు, నేను కూడా 19.6, 19.6, 19.6 అని మూడూ రాసేసి చేతులు కట్టుకోని నిలబడ్డా. ఎక్స్‌టర్నల్‌గా వొచ్చినాయన పేపర్ చూసి, బ్యూరెట్ చూసి, ఒక్క మాటే అన్నాడు: "మూడు సార్లు 19.6 అంటే 58.8 ఎంఎల్ అయింది, నీ బ్యూరెట్ 50 ఎంఎల్‌దే, మధ్యలో మళ్ళా నింపినావు గదా, మరి నీ బీకర్లో పర్మాంగనేట్ పోసింది పోసినట్టే ఉందేంది నాయనా?" నాకు నోట మాట రాలేదు. దానికి తోడు నాకిచ్చిన సొల్యూషన్ నంబరు వేరే, పక్కోడిది వేరే. పాస్ మార్కులేసి వొదిలేశాడు, మహానుభావుడు.

నీ రీడింగ్ 18.9 వస్తే 18.9 అనే రాయి. పక్కోడికి 19.6 వచ్చినా సరే. తప్పు వస్తే ఎందుకొచ్చిందో వెతుక్కో, సీసాలో నీళ్ళుండినాయా, బరువు తూచేటప్పుడు కాగితానికి అంటుకోని పోయిందా. 0.1 నార్మల్ (నార్మల్ అంటే సొల్యూషన్ బలానికి కొలత) ఆక్సాలిక్ ఆసిడ్ 250 ఎంఎల్ చెయ్యాలంటే 1.575 గ్రాములు తూచాల, సరిగ్గా అంతే రాదు, 1.582 వస్తది, ఏం పర్లా, 1.582 అనే రాసుకోని నార్మాలిటీ దాన్నిబట్టి లెక్క కట్టుకో. రికార్డులో తప్పు పడితే వైట్‌నర్ పూయబాక, దిద్దబాక. ఒక్క గీత కొట్టి, కింద తప్పు అంకె కనపడేట్టు ఉంచి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ వెయ్. ఫార్మాలో చేరితే మొదటి వారం నేర్పేది ఇదే, అక్కడ దిద్దిన అంకె కనపడిందంటే ఆడిట్‌లో ఉద్యోగం ఊడుద్ది. నా కళ్ళ ముందే పోయినాయి.

ఆర్గానిక్ గురించి అందరూ భయపెడతారు. బట్టీ కొడితే భయమే. బాణం గుర్తులు యాడ నుంచి మొదలై యాడికి పోతా ఉండాయో చూడు, ఎలక్ట్రాన్లు ఉన్నకాడ నుంచి లేనికాడికి, అంతే. ఎస్ఎన్1, ఎస్ఎన్2, అంటే అణువులో ఒక గుంపు పోయి దాని చోట్లోకి ఇంకోటి వొచ్చే రెండు రకాల రియాక్షన్లు, నాకు రొట్టెల పండగలో అర్థమైంది, నవ్వబాక. నెల్లూరు స్వర్ణాల చెరువులో నిలబడి ఒకరికొకరు రొట్టెలు మార్చుకుంటారు గదా. చుట్టూ జనం లేకుండా నువ్వొక్కడివే నిలబడుంటే ఎవరైనా వెనక నుంచి వొచ్చి ఒక రొట్టె నీ చేతిలో పెడతా ఉంటే అదే క్షణంలో నీది ముందు నుంచి జారి పోతది, ఇచ్చేది పుచ్చుకునేది ఒకేసారి, అది ఎస్ఎన్2. మిథైల్ బ్రోమైడ్ లాంటోడికి అదే సులువు. అదే నీ చుట్టూ ముగ్గురు లావుపాటి బాబాయిలు నిలబడి ఉన్నారనుకో, టెర్షియరీ బ్యుటైల్ అన్నమాట, వెనక నుంచి ఎవరూ రాలేరు. ముందు నీ రొట్టె నువ్వే వొదిలేసి ఖాళీ చేతులతో నిలబడాల, తర్వాత ముందు నుంచైనా వెనక నుంచైనా ఎవరో ఒకరు ఇస్తారు. అది ఎస్ఎన్1. రెండు వైపుల నుంచీ వొచ్చే వీలుంది కాబట్టే కైరల్ కార్బన్, అంటే నాలుగు వేరే వేరే గుంపులుండే కార్బన్ అయితే, అద్దంలో బొమ్మల్లాంటి రెండు రకాల అణువులూ కలిసి వొచ్చి రెసిమిక్, అంటే సగం సగం మిశ్రమం అవుద్ది. ఇట్టా నీకు తెలిసిన దేనితోనైనా పోల్చుకో, కానీ పరీక్షలో మాత్రం బాణాలే వెయ్, రొట్టెలు రాస్తే సున్నా.

ఫిజికల్ కెమిస్ట్రీలో లెక్కలు తప్పేది తెలివి లేక కాదు, యూనిట్లు చూడక. జూల్స్‌లో అడిగితే గ్యాస్ కాన్‌స్టంట్ ఆర్ 8.314, లీటర్ అట్మాస్ఫియర్‌లో అయితే 0.0821, టెంపరేచర్ ఎప్పుడైనా కెల్విన్‌లోకి మార్చు. ఇంక బఫర్లు, పీకేఏ చదివేటప్పుడు విసుగొస్తది, ఇదంతా యాడ పనికొస్తది అనిపిస్తది. నా దగ్గరికి రైతు వొచ్చి "పొద్దున టెస్ట్ చేస్తే అమ్మోనియా బాగానే ఉందన్నావు, మధ్యాహ్నం నుంచి రొయ్య మేత ముట్టడంలే" అంటాడు. అమ్మోనియా పెరగలేదబ్బయా, ఎండకి నాచు నీళ్ళలో కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటది, పీహెచ్, అంటే నీళ్ళలో క్షారగుణం ఎక్కుద్ది, అమ్మోనియం అయాన్ కాస్తా విషపు అమ్మోనియాగా మారుద్ది. అమ్మోనియంకి పీకేఏ, అంటే రెండు రూపాలూ సగం సగం ఉండే పీహెచ్, 25 డిగ్రీల దగ్గర 9.25. పీహెచ్ 7 దగ్గర మొత్తంలో విషపు రూపం నూటికి ఒకటి కూడా ఉండదు, అదే 9 దగ్గర నూటికి 36 వంతులు. పీహెచ్‌నీ పీకేఏనీ కలిపే హెండర్సన్ ఈక్వేషన్ వేసి నువ్వే చూసుకో, అదే వస్తది, ఉప్పు నీళ్ళలో కాస్త అటూ ఇటూ. మూడు లక్షల పంట ఆ ఒక్క లైను మీద నిలబడి ఉండాది.

ఇనార్గానిక్‌లో సాల్ట్ అనాలిసిస్, అదే ఇచ్చిన లవణంలో ఏముందో కనిపెట్టేది, ఇష్టంగా చెయ్, మిగతాది ఓపిక. సిల్వర్ నైట్రేట్ వేలికి అంటిందంటే వారం రోజులు నల్లగా ఉంటది, నైట్రిక్ ఆసిడ్ పడితే పసుపు మచ్చ. నోటితో పిప్పెట్ పీల్చబాక, మా రోజుల్లో పీల్చేవాళ్ళం, ఒకసారి ల్యాబ్‌లో సోడా సొల్యూషన్ నా నాలుక దాకా వొచ్చింది, రెండ్రోజులు పప్పన్నం కూడా తినలా. ఆసిడ్‌ని నీళ్ళలో పొయ్యాల, నీళ్ళని ఆసిడ్‌లో కాదు, ఇది నీకు తెలుసులే.

నువ్వు తెలుగు మీడియం నుంచి వొచ్చినావని క్లాసులో నోరు మెదపడంలేదంట. ప్రెసిపిటేట్ అంటే బెదిరిపోబాక, అవక్షేపం, అడుక్కి దిగేది, నువ్వు టెన్త్‌లోనే చదివినావు. కెటాలిస్ట్ అంటే ఉత్ప్రేరకం. ఒక చిన్న పుస్తకం పెట్టుకోని ఇటు ఇంగ్లీషు అటు తెలుగు రాసుకుంటా పో, మన తెలుగు మాటే చాలాసార్లు అర్థం విప్పి చెప్తది.

ఆల్ ఇన్ వన్ గైడ్లు కొనుక్కో, తప్పేం లేదు, పరీక్ష ముందు వారం చూసుకోడానికి. ఎమ్మెస్సీ చెయ్యాలనుంటే ఐఐటీ జామ్, అదే ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీటుకి పెట్టే ఎంట్రన్స్, ఫైనలియర్లో ఉండంగానే రాయొచ్చు, 60 ప్రశ్నలు, 100 మార్కులు, మూడు గంటలు. సెకండియర్ నుంచే పాత పేపర్లు తియ్. అది రాకపోతే మన దగ్గర విక్రమ సింహపురి యూనివర్సిటీ ఉంది, ఏం లోకం మునిగిపోదు. చుట్టాలకి డిగ్రీ అంటే చులకన అయితే, శ్రీహరికోటలో రాకెట్‌కి పోసే ఘన ఇంధనం దేంతో చేస్తారో అడుగు, అమ్మోనియం పెర్‌క్లోరేట్, అల్యూమినియం పొడి, వాటిని పట్టి ఉంచే రబ్బరు లాంటి పాలిమర్, అంతా కెమిస్ట్రీనే అని చెప్పు. ఊరికే చెప్పబాకులే, గొడవ.

దసరా సెలవలకి కావలి రా. నాలుగు రోజులు ల్యాబ్‌లో కూర్చో. 50 ఎంఎల్ శాంపిల్‌కి 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్‌తో ఆల్కలినిటీ, అంటే నీళ్ళు ఆసిడ్‌ని ఎంత తట్టుకుంటాయో, అది పట్టడం నేర్పిస్తా, ఒక్కో ఎంఎల్‌కి 20 పీపీఎం, నువ్వొక ఎంఎల్ తప్పు చదివితే ఆడ రైతు బస్తాలు బస్తాలు డోలమైట్, అదే సున్నపురాయి లాంటి పొడి, గుంటలో పోస్తాడు. తెల్లార్లూ ఫోన్ చూస్తా పడుకుంటే కుదరదు, ఆరుకల్లా సీసాలు పట్టుకోని షట్టర్ ముందు నిలబడి ఉంటారు. నీ రికార్డు కూడా తీసుకురా, వైట్‌నర్ యాడన్నా ఉందేమో చూస్తా.

మీ మామ