నోటిమాట మీద సరస్సులో మట్టి తీయవచ్చా?

ప్రశ్న: పులికాట్ సరస్సు అంచున ఒక కల్వర్టు పనిని సబ్ కాంట్రాక్టుకు తీసుకున్నాను. డైవర్షన్ రోడ్డుకు కావలసిన మట్టిని పక్కనే సరస్సులోంచి తీసుకోమని, అనుమతులన్నీ శాఖ చూసుకుంటుందని ప్రధాన కాంట్రాక్టరు నోటిమాటగా చెప్పారు. రేపు కేసంటూ పెడితే అది నా మీదికి వస్తుందా?
– ఒక పాఠకుడు, గూడూరు

జవాబు: వస్తుంది. తవ్విన పొక్లెయిన్, మట్టి తోలిన టిప్పర్లు మీవే కాబట్టి ముందుగా అడిగేది మిమ్మల్నే.

పులికాట్‌లో మన రాష్ట్రపు భాగం 1976 నుంచి అభయారణ్యం. అందువల్ల అక్కడ 2017 నాటి చిత్తడి నేలల నిబంధనల కన్నా కఠినమైన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిట్ లేకుండా వన్యప్రాణుల ఆవాసాన్ని పాడుచేయడాన్నే కాక, అభయారణ్యంలోకి వచ్చే, బయటికి పోయే నీటిని ఆపడాన్ని, మళ్లించడాన్ని, చివరికి పెంచడాన్ని కూడా ఆ చట్టంలోని 29వ సెక్షన్ నిషేధిస్తుంది. తూములు వేయకుండా మట్టికట్టగా పోసిన డైవర్షన్ రోడ్డు సరిగ్గా ఈ నిషేధం కిందికే వస్తుంది. కట్టకు ఒక పక్క నీరు కదలక ఎండి ఉప్పుదేరితే, అక్కడ మేసే రాజహంసలకు, నేలపట్టులో పిల్లలను పెంచుతూ చేపల కోసం ఇక్కడికి వచ్చే గూడబాతులకు, వాటితోపాటు కుప్పాల్లోని జాలర్లకు ఆ సీజనంతా పోయినట్టే. ఈ నష్టాన్ని తాత్కాలిక పని కింద కొట్టివేయడం న్యాయం కాదు.

ఈ నేరానికి మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పట్టుబడిన యంత్రాలు, వాహనాలు నేరానికి వాడినవని రుజువైతే 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వపరం అవుతాయి. ఫైనాన్సుపై బండ్లు కొన్నవారికి జరిమానా కన్నా ఇదే పెద్ద దెబ్బ. బాధ్యతంతా ప్రధాన కాంట్రాక్టరుదేనని అగ్రిమెంటులో రాసుకున్నా, అది మీ ఇద్దరి మధ్య డబ్బు లెక్కలకే పనికివస్తుంది గాని క్రిమినల్ కేసును ఆపదు.

కాబట్టి పర్మిట్ నకలు ఇమ్మని ప్రధాన కాంట్రాక్టరుకు ఈరోజే లిఖితపూర్వకంగా రాయండి, అది చేతికి వచ్చేవరకు పని మొదలుపెట్టకండి. వచ్చాక షరతులు ఒక్కొక్కటీ చదవండి. కల్వర్టుకు ఇచ్చిన అనుమతి మట్టి తవ్వకానికి అనుమతి కాదు. గనుల శాఖ పర్మిట్ ఉన్నా అభయారణ్యం లోపల తవ్వే హక్కు రాదు. మట్టిని బయట అనుమతి ఉన్న క్వారీ నుంచి తెప్పించి, బిల్లులు దాచుకోండి. డైవర్షన్‌కు నీరు పారేలా పైపులు వేసి, పని పూర్తయ్యాక ఆ మట్టినంతా ఎత్తివేసే ఖర్చును ఇప్పుడే రేటులో కలిపి అడగండి.

అభయారణ్యం వెలుపల 2017 నిబంధనల కింద నోటిఫై అయిన చిత్తడి నేలల్లోనైతే ఆక్రమణ, కట్టడాల శిథిలాలు పారబోయడం నిషిద్ధం. గరిష్ఠ వరద మట్టపు సగటు నుంచి 50 మీటర్ల లోపల పడవల రేవులు తప్ప శాశ్వత కట్టడాలు కూడదు. సాగునీటి కోసం తవ్వించిన చెరువులు ఆ నిబంధనల్లోకి రావు గాని, వాటిలో పూడిక తీయడానికైనా జలవనరుల శాఖ అనుమతి కావాలి.

ఇప్పటికే కొంత తవ్వి ఉంటే మాత్రం పని వెంటనే ఆపండి. గుంటను హడావుడిగా పూడ్చి కప్పిపుచ్చవద్దు. న్యాయవాదిని సంప్రదించి, సూళ్లూరుపేటలోని వన్యప్రాణి విభాగం అధికారులకు మీరే లిఖితపూర్వకంగా తెలియజేయండి.