తమ్ముడికి, బేస్‌బాల్ ఆటకు బయల్దేరే ముందు

ఒరేయ్ తమ్ముడూ,

టెక్సాస్‌లోని ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ బేస్‌బాల్ జట్టు ఆటకి మనవణ్ణీ మనవరాలినీ నువ్వొక్కడివే తీసుకెళ్తున్నావని మరదలు ఫోన్‌లో చెప్పింది. అమెరికా వెళ్లి నెల కాలేదు, అప్పుడే ఇంత ధైర్యం చేశావంటే నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పిల్లలు పుట్టి పెరుగుతున్న ఊరి ఆటని వాళ్ల పక్కన కూర్చుని చూడాలనుకున్నావు, మంచి పని. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచీ టెన్షన్‌గానే ఉంది. వాడికి ఆరేళ్లు, దానికి నాలుగు, అది 40 వేల మంది పట్టే స్టేడియం.

చిన్న సంగతులు ముందే చెప్పేస్తాను. టికెట్లు ఫోన్‌లోనే చూపించాలి, అబ్బాయి చేత నీ ఫోన్‌లోకి పంపించుకుని ఛార్జింగ్ నిండా పెట్టుకో. ఎక్కడ దింపుతాడో, మళ్లీ ఎక్కడ ఎక్కించుకుంటాడో ముందే అనుకోండి. పైకప్పు మూసి ఏసీ వేస్తారు, చిన్నదానికి స్వెటర్ పట్టుకెళ్లు. హాట్ డాగ్ అంటే అక్కడ ఎక్కువగా బీఫే, అడిగి కొను. వేయించిన వేరుశనక్కాయలు అమ్ముతారు, నాలుగేళ్లదానికి పలుకులు పెట్టకు, గొంతులో అడ్డం పడతాయి.

నువ్వు క్రికెట్ చూసి పెరిగినవాడివి కాబట్టి ఇంకో మాట. మనకి బంతి బ్యాట్ అంచుకి తగిలి కీపర్ వెనక్కి పోతే నాలుగు పరుగులు. బేస్‌బాల్‌లో అది ఫౌల్, నేరుగా జనంలోకి వచ్చి పడుతుంది, అదీ నువ్వు రెప్ప వేసేలోగా. క్రికెట్ బంతికన్నా కాస్త తేలికే, అలాగని తక్కువ గట్టిది కాదు. 2019లో హ్యూస్టన్‌లో ఇలాగే రెండేళ్ల పాప తలకి తగిలింది, కొట్టిన ఆటగాడు మైదానంలోనే మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. ఆ తర్వాతే అన్ని జట్లూ తమ స్టేడియాల్లో జనానికి బంతి తగలకుండా కట్టే నెట్లు ఇంకా దూరం పొడిగించాయి. అందుకని సీట్లు నెట్ వెనక ఉన్నవే కొనమను, డబ్బు కాస్త ఎక్కువైనా సరే. బ్యాటర్ నిలబడి ఉన్నంతసేపూ ఫోన్ జేబులో ఉండాలి.

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. 2013 వేసవిలో మేము అక్కడున్నప్పుడు ఈ కొత్త స్టేడియం లేదు, పైకప్పు లేని పాతది ఉండేది. మనవణ్ణి తీసుకుని మీ బావగారు బయల్దేరితే నేనూ వెళ్లాను. ఇన్నింగ్స్ అయ్యాక ఆటగాళ్లు చేతిలో ఉన్న బంతిని జనంలోకి విసురుతారు, దానికోసం పిల్లలంతా ముందుకి తోసుకుంటారు. వీడూ "తాతా, నాకు బాల్ కావాలి" అని మొదలుపెట్టాడు. మనవడు అడిగితే ఆయనకి ఇంకేదీ కనిపించదు. వాణ్ణి ఎత్తి రెయిలింగ్ పైన నిలబెట్టి, నడుం పట్టుకుని, తనూ ముందుకి వంగారు. బంతి రానే వచ్చింది. దాన్ని అందుకోవడానికి ఆయన ఒక చెయ్యి వదిలేశారు. నేను వాడి చొక్కా వెనకనుంచి పట్టుకుని లాగితే ఇద్దరం కలిసి సీటు మీద పడ్డాం, నా మోచెయ్యి చీరుకుపోయింది. స్టేడియంలో పనిచేసే ఆవిడ పరుగెత్తుకొచ్చి గట్టిగా చీవాట్లు పెట్టింది. అంతమందిలో అలా అన్నదని ఆయన దారంతా మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక మావాడు విషయం విని తెల్లబోయాడు. 2011 జులైలో అదే స్టేడియంలో, ఆరేళ్ల కొడుకుని ఆటకి తీసుకొచ్చిన ఒక ఫైర్‌మన్, ఆటగాడు విసిరిన బంతి అందుకోబోయి రెయిలింగ్ మీంచి సుమారు 20 అడుగుల కిందికి పడి చనిపోయాడట. కొడుకు పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత రెయిలింగ్‌లని 42 అంగుళాలకి పెంచారు, మరుసటి ఏడాది ఆ తండ్రీకొడుకుల విగ్రహం పెట్టారు. మేము లోపలికి వెళ్లేముందు ఆ విగ్రహం పక్కనే మనవణ్ణి నిలబెట్టి ఫోటో తీసుకున్నాం రా, అది ఎవరిదో తెలియక. రెయిలింగ్ ఎంత పెంచితే ఏం, పిల్లాణ్ణి ఎత్తి దానిమీదే నిలబెడితే? బంతి కావాలంటే బయట షాపులో దొరుకుతుంది, కొనిపెట్టు. నువ్వు మాత్రం రెయిలింగ్ దగ్గరికి పోవద్దు, వాణ్ణి ఎత్తొద్దు.

నీ సంగతి నాకు తెలుసు కాబట్టే ఇంతగా చెప్తున్నాను. కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభలు కనపడగానే నా చెయ్యి విదిలించుకుని జనంలోకి దూరినవాడివి నువ్వు. అమ్మ నిన్ను నాకప్పగించి గుడిలోకి వెళ్లింది. రంగులరాట్నం దగ్గర దొరికాక నిన్ను కొట్టాను, మళ్లీ నువ్వు ఏడుస్తుంటే చూడలేక నా గాజులకని దాచుకున్న డబ్బులతో జీళ్లు కొనిపెట్టాను. నీకు మనవలొచ్చినా నాకు నువ్వు ఆ వయసువాడివే.

నన్నడిగితే మొదటిసారి ఆర్లింగ్టన్ వద్దు, ఫ్రిస్కో ఊళ్లోనే చూపించు. రఫ్‌రైడర్స్ అని, రేంజర్స్‌కి ఆటగాళ్లని తయారుచేసే కింది స్థాయి జట్టు. స్టేడియం చిన్నది, సుమారు పదివేల మంది పడతారంతే. అవుట్‌ఫీల్డ్ కంచె వెనక నీళ్లలో ట్యూబుల మీద తేలుతూ ఆట చూస్తారు, పిల్లలు ఆట మానేసి దాన్నే చూస్తారు. కాకపోతే అది ఆరుబయలు, జులై, ఆగస్టుల్లో ఎండ 100 ఫారన్‌హీట్ దాటుతుంది, సాయంత్రం ఆటకే వెళ్లు. 2023లో బంతి విసిరే పిచర్‌కి ఇంత సమయంలోనే విసరాలని గడియారం పెట్టాక పెద్ద లీగ్ ఆటలు సగటున రెండు గంటల నలభై నిమిషాల్లో అయిపోతున్నాయి కానీ, ఆ వయసు పిల్లలకి అదీ ఎక్కువే. తొమ్మిదిట్లో ఐదో ఇన్నింగ్స్‌కి చిన్నది కళ్లు నులుముకుంటే లేచి వచ్చెయ్యి, టికెట్ డబ్బుల గురించి ఆలోచించకు.

ఎక్కడికి వెళ్లినా మరదల్ని ఇంట్లో వదిలి వెళ్లకు. చెరో బిడ్డని పట్టుకోండి, బాత్రూమ్‌కైనా సరే. అబ్బాయి ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇద్దరి జేబుల్లోనూ పెట్టు. టికెట్లు కొన్నాక సెక్షన్ నంబరు నాకు వాట్సాప్‌లో పంపు, నెట్ వెనక ఉందో లేదో మావాణ్ణి అడిగి చెప్తాను.

మీ అక్క